నవల రాయడం పనే, కూలీ మాత్రం ఎవరూ ఇవ్వట్లేదు

తిరుపతిలో ఏ పుస్తకావిష్కరణ సభకి వెళ్లినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది, ఇప్పటివాళ్లు నవలలు ఎందుకు రాయట్లేదు అని. ఓపిక లేదంటారు, ఫోన్ పాడుచేసిందంటారు, చదవకుండానే రాసేస్తున్నారంటారు. నాకివేవీ అసలు కారణాలుగా కనపడవు. నవలకి కావాల్సింది మూడ్ కాదు, ప్రేరణ కాదు, టైము. రోజూ, అదే వేళకి, నెలల తరబడి దొరికే టైము. ఆ టైముకి ఎవరో ఒకరు డబ్బు కట్టాలి, తెలుగులో ఇవాళ కట్టేవాళ్లు లేరు. మిగతావన్నీ దీని తర్వాతే.

నవల రాయడమంటే బయటివాళ్లకి కనపడేది పెన్ను పట్టుకుని కిటికీలోంచి చూడటం. అసలు పని ఎట్లా ఉంటుందో దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా. నాకు తెలిసిన ఒకావిడ ఇక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. పాకాల వైపు మామిడి తోటల మీద బతికే ఒక కుటుంబం గురించి నవల రాస్తోంది. ఆమె బీరువా తలుపుకి లోపలివైపు ఒక పెద్ద చార్టు అంటించి ఉంటుంది. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా మనుషులు. ఎవరు ఏ ఏడు పుట్టారు, ఏ ఏడు బోరు ఎండింది, తోతాపురి రేటు పడిపోయి కాయల్ని తోటలోనే వదిలేసింది ఏ సీజన్లో, పెద్దకోడలు పుట్టింటికి వెళ్లిపోయేనాటికి పిల్లోడికి ఎన్నేళ్లు, అన్నీ పెన్సిల్‌తో. సగం కొట్టేసి పక్కన మళ్లీ రాసినవే. ఒకరోజు పద్నాలుగో చాప్టర్లో బావి గట్టు మీద కూర్చుని మాట్లాడుతున్న ముసలమ్మ, చార్టు ప్రకారం అప్పటికే చనిపోయి ఉండాలని కనిపెట్టింది. ఆ ముసలమ్మ మాటలు లేకపోతే కథ ముందుకి నడవదు, అందుకని ఆమె చావుని కొన్నేళ్లు ఆలస్యం చేసింది, చేసేసరికి ఆస్తి పంపకం కూడా ఆలస్యమైంది, దాంతో నాలుగు చాప్టర్లు మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. నవలాకారుడి పని అంటే నా లెక్కలో ఇదే, రాసిన దానికంటే తిరగరాసిందే ఎక్కువ ఉంటుంది.

మరి ఈ పని ఆమె ఎప్పుడు చేస్తుంది? తెల్లారి నాలుగున్నరకి లేచి, కుళాయికి నీళ్లొచ్చేదాకా. తర్వాత వంట, క్యారియర్లు, కాలేజీ, సాయంత్రం స్టడీ అవర్స్. ఎండాకాలం సెలవుల్లో అయినా రాసుకుందాం అనుకుంటే అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగమని పంపిస్తారు, ఇంతమందిని చేర్పిస్తేనే జీతం అంటారు. ఆ తిరుగుళ్లు అయ్యాక మళ్లీ కూర్చుంటే పాత్ర గొంతు చేతికి దొరకదు, రాసింది మొత్తం మళ్లీ చదువుకోవాలి, ఆ చదవడానికే వారం పోతుంది. "ఏం మేడం, ఇంకా ఆ బుక్కే రాస్తా ఉండారా" అని ఎదురింటావిడ అడుగుతుంది. పాపం ఆమె ప్రేమగానే అడుగుతుంది. కానీ రెండు గంటలు కుర్చీలోంచి లేవకుండా చేసిన పని పనిగా ఎవరి కంటికీ ఆనదు.

క్రమశిక్షణ గురించి మాట్లాడేవాళ్లు ఆంటొనీ ట్రాలప్ పేరు ఎత్తుతారు. పందొమ్మిదో శతాబ్దం ఇంగ్లండ్‌లో పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ, పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 పదాలు లెక్కన రాసి, 47 నవలలు వదిలిపెట్టి పోయాడు. నిజమే, గొప్ప మనిషే. కానీ ఆయన్ని నిద్ర లేపి కాఫీ ఇవ్వడానికి ఇంట్లో ఒక పనిమనిషి ఉండేవాడు, ఆ పనికని అతనికి ట్రాలప్ ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. మన లెక్చరర్‌ని లేపి కాఫీ ఇచ్చేవాళ్లు ఎవరు? ఇంట్లో అందరికీ కాఫీ కలిపేది ఆమే కదా. జపాన్ నవలాకారుడు హరుకి మురకామి గురించి కూడా అంతే, పొద్దున నాలుగుకి లేస్తాడు, అయిదారు గంటలు రాస్తాడు, పది కిలోమీటర్లు పరిగెత్తుతాడు, రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటాడు అని రీల్స్ చేసి మరీ చెప్తున్నారు. మొదటి రెండు నవలలూ ఆయన జాజ్ బార్ నడుపుకుంటూ, రాత్రి బార్ మూసేశాక వంటింటి టేబుల్ మీద రాశాడు. తర్వాత బార్ అమ్మేసి పూర్తిగా రచనలోకి వచ్చేశాడు, పొద్దున్నే లేవడం, పరుగు అన్నీ ఆ తర్వాత కుదిరినవే. పుస్తకం కొనే జనం ఉన్నారు కాబట్టి ఆయన బార్ అమ్ముకోగలిగాడు. మన దగ్గర ఉద్యోగం మానేసి నవల రాస్తానంటే ఇంట్లో ఏడుపులే.

దీనికి ఒక ఎదురు వాదన ఉంది, బలమైనదే. చిత్తూరు జిల్లాలో గొప్పగా రాసినవాళ్లందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాసినవాళ్లే కదా అంటారు. మధురాంతకం రాజారాం బడి పంతులు, కేశవరెడ్డి కుష్ఠు రోగులకి వైద్యం చేసిన డాక్టరు, 2022 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన మధురాంతకం నరేంద్ర ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా చేశారు. ఉద్యోగమే వాళ్లకి మనుషుల్ని చూపించింది, బియ్యం బాధ లేకుండా చేసింది, డబ్బు కోసం రాసుంటే ఆ రచనలు వచ్చేవి కావు అని.

ఒప్పుకుంటా, కానీ సగమే. వాళ్లవి ఎలాంటి ఉద్యోగాలో చూడండి. నెల మొదట్లో జీతం, సెలవులు, రిటైరయ్యాక పెన్షన్. ఇవాళ రాయాలనుకునే పాతికేళ్ల పిల్లకి దొరికే ఉద్యోగం అదేనా? ఇంకోటి, ఆ పేర్లు వరసగా చదివి ఆడవాళ్లు ఎక్కడున్నారో వెతకండి. ఉద్యోగం చేసి వచ్చాక రాత్రి మిగిలిన టైములో రాయాలంటే ఆ రాత్రి మగవాడికి మిగిలినట్టు ఆడదానికి మిగలదు. రాయగలిగినవాళ్లని చూపించి అంతా బాగానే ఉందంటున్నాం, రాయలేక ఆగిపోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు.

అసలు తెలుగులో ప్రొఫెషనల్ నవలాకారులు లేకపోలేదు, ఒకప్పుడు ఉండేవాళ్లు, అందులో ముందువరసలో ఉన్నది ఆడవాళ్లే. అరవైల నుంచి ఎనబైల దాకా వారపత్రికలు సీరియల్ వేసేవి, పారితోషికం ఇచ్చేవి, సీరియల్ అయిపోగానే పబ్లిషర్ పుస్తకం వేసేవాడు, సినిమావాళ్లు హక్కులు కొనేవాళ్లు, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగేవి. యద్దనపూడి సులోచనారాణి లాంటివాళ్లు ఇంట్లో కూర్చుని కలంతో సంపాదించారు. వారం వారం ఇన్‌స్టాల్‌మెంట్ పంపాలి, ఆలస్యమైతే ఎడిటర్ ఊరుకోడు, ఆ గడువే వాళ్లకి అలవాటు నేర్పింది. మనకి క్రమశిక్షణ ఉండేది, ఎందుకంటే దానికి చెక్కు వచ్చేది. ఆ పత్రికలు చాలావరకు పోయాయి. ప్రతిలిపి లాంటి యాప్‌లు కొంత ఆ చోటు నింపుతున్నాయి గానీ అక్కడ రోజుకో ఎపిసోడ్ వెయ్యాలి, చార్టు చూసుకుని నాలుగు చాప్టర్లు తిరగరాసే నవల అక్కడ బతకదు.

పుస్తకం లెక్క వేసుకుందాం. 500 కాపీలు వేశారు, ధర 250, రాయల్టీ పది శాతం, అన్నీ అమ్ముడుపోయాయి అనుకుందాం. రచయితకి వచ్చేది 12,500 రూపాయలు, రెండు మూడేళ్ల పనికి. అది కూడా పబ్లిషర్ సొంత డబ్బుతో వేస్తే, చాలాసార్లు ప్రింటింగ్ ఖర్చు రచయితదే. ఆదాయపు పన్ను పాత విధానంలో పుస్తక రాయల్టీ మీద ఏడాదికి 3 లక్షల దాకా మినహాయింపు ఉంది. చట్టం రాసినవాళ్లు రచయితకి అంత వస్తుందని నమ్మారు, మన దగ్గర ఆ మినహాయింపు వాడుకునే అవసరం ఎంతమందికి వచ్చింది?

ఇక్కడే నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్న విషయం. మీ ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక లైను ఉంటుంది. రూపాయికి 8 పైసలు. ఇంటి పన్ను 5,000 అయితే 400 రూపాయలు గ్రంథాలయాలకని మీరు కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం వస్తున్న డబ్బు ఇది. అంటే పుస్తకం కోసం ఊరు మొత్తం ఆల్రెడీ డబ్బు కడుతోంది! కార్పొరేషన్లు, మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసిన సెస్సుని గ్రంథాలయ సంస్థలకి టైముకి జమ చెయ్యట్లేదని, బకాయిలు పేరుకుపోయాయని ఏళ్ల తరబడి పేపర్లలో చదువుతానే ఉన్నాం. ఆ డబ్బు సక్రమంగా వస్తే కొత్త తెలుగు నవల వచ్చినప్పుడల్లా రాష్ట్రంలో ప్రతి శాఖా గ్రంథాలయం ఒక కాపీ కొనొచ్చు. ఆ ఒక్క పనితో 500 కాపీల గోడ బద్దలవుతుంది, పబ్లిషర్ అడ్వాన్సు ఇచ్చే ధైర్యం చేస్తాడు.

ఇంకో అడుగు వెయ్యొచ్చు. డెన్మార్క్‌లో 1946 నుంచి, బ్రిటన్‌లో 1979 నాటి చట్టంతో, లైబ్రరీల్లో పెట్టిన పుస్తకానికి రచయితకి ప్రభుత్వం డబ్బు ఇస్తోంది. బ్రిటన్ పద్ధతి ఏంటంటే పాఠకుడు పుస్తకం ఇంటికి తీసుకెళ్లిన ప్రతిసారీ కొన్ని పెన్నీలు రచయిత ఖాతాలో పడతాయి, పాఠకుడు పైసా కట్టక్కర్లేదు, ఒక్కరికే అంతా పోకుండా ఏడాదికి 6,600 పౌండ్ల పరిమితి ఉంది. ముప్పైకి పైగా దేశాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది, మన దేశంలో లేదు. ఎందుకు లేదో నాకు అర్థం కాదు, ఏ పుస్తకం ఎవరు తీసుకెళ్లారో లైబ్రరీలు ఎలాగూ రాసుకుంటాయి కదా! ఇష్యూకి రెండు రూపాయలు ఇచ్చినా చాలు. ఆ లెక్చరర్‌కి ఎండాకాలం రెండు నెలలు అడ్మిషన్లకి రానని చెప్పే ధైర్యం అందులోంచే వస్తుంది.

ఇది ఢిల్లీ దాకా వెళ్లాల్సిన విషయం కూడా కాదు, గ్రంథాలయ చట్టం రాష్ట్రానిది, సవరణ అసెంబ్లీ చేతిలో పని. ముందుగా అడగాల్సింది మాత్రం ఇక్కడే. ఈ ఏడాది తిరుపతి కార్పొరేషన్, చిత్తూరు కార్పొరేషన్ గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలు చేశాయి, అందులో ఎంత గ్రంథాలయ సంస్థకి జమ చేశాయి, దాంట్లో కొత్త తెలుగు పుస్తకాలకి ఎంత పోయింది. మూడు ప్రశ్నలు, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు. రెండు జిల్లాల్లో ఇన్ని రచయితల సంఘాలున్నాయి, ఏదో ఒకటి ఈ నెలలోనే ఆ దరఖాస్తు పెట్టాలి.