కీపర్‌కు నేర్పేవాళ్లేరీ?
మహిళా ఫుట్‌బాల్ గోల్‌కీపర్ నాదిన్ ఆంగెరర్ మీద వచ్చిన ఒక వ్యాసం మా అమ్మాయికి చదివి వినిపించాను. 2007 వరల్డ్ కప్‌లో జర్మనీ తరఫున ఆరు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ ఇవ్వలేదు, ఫైనల్లో బ్రెజిల్ స్టార్ మార్తా కొట్టిన పెనాల్టీని ఆపింది అనగానే లేచి కూర్చుంది. నాకు మాత్రం ఆమె 2015లో ఆట మానేసి, మరుసటి ఏడే అమెరికాలోని పోర్ట్‌లాండ్ థార్న్స్ క్లబ్‌కు గోల్‌కీపింగ్ కోచ్ కావడమే పెద్ద విషయం అనిపించింది. మా హనుమకొండలో పొడుగ్గా ఉందని పిల్లను గోల్‌లో నిలబెట్టారు, అంతే. ఎలా పడాలో ఎవరూ చెప్పలేదు. మొరం నేల మీద డైవ్ చేసి, మోచేతులు గీరుకుపోయి ఇంటికొస్తే, కొబ్బరినూనె రాస్తూ నాకే ఏడుపొచ్చేది. ముందు తొడ, తర్వాత భుజం నేలకు ఆనాలి, మోచెయ్యి కాదని ఈమధ్యే ఒక సీనియర్ అమ్మాయి చూపించింది. దెబ్బలు చాలా తగ్గాయి. ఆట మానేసిన అక్కలెవరైనా సాయంత్రం ఓ గంట గ్రౌండ్‌కు రండమ్మా, పిల్లలు ఎదురుచూస్తున్నారు.