రేటు తగ్గలేదండి, రోజులే తగ్గాయి

కేన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1936లోనే తేల్చేశాడు: ఎంత సంక్షోభం వచ్చినా కూలి రేటు అంత తేలిగ్గా కిందికి దిగదట, కూలివాళ్లు ఒప్పుకోరట. భీమవరం వైపు రాకుండానే ఇంత కచ్చితంగా ఎలా చెప్పాడా అని నాకు ఆశ్చర్యం. నిజమే, మా వైపు రొయ్యలు వలిచే ఆడవాళ్లకి కిలోకి ఇచ్చే రేటు దిగలేదు. వలవడానికి కిలోలే లేవు.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ గారు మన సరుకు మీద 26 శాతం సుంకం అన్నారు. 9వ తేదీకల్లా పది శాతం ఉంచి, మిగతాది 90 రోజులు వాయిదా వేశారు. ఆ వారంలోనే మా చెరువు గట్ల మీద రొయ్య ధర పడిపోయింది. 26 శాతం సుంకం కట్టిన పెట్టె ఒక్కటి కూడా అప్పటికి అమెరికా రేవులో దిగలేదు. సుంకానికి వాయిదా ఉంది గానీ మా ఊళ్లో నష్టానికి వాయిదా లేదు. ఆగస్టులో 25 శాతం, దాని మీద మరో 25 వచ్చిపడేసరికి చాలామంది పెద్దలు అప్పటికే దిగులు పడి లేచి కూర్చున్నారు.

ఇక్కడ చిన్న పరిశోధన చేశాను. చెరువు లీజు దిగదు, అగ్రిమెంటు రాసుకున్నారు. వడ్డీ దిగదు, నోటు ఉంది. కరెంటు బిల్లు దిగదు, అచ్చేసి మరీ ఇస్తారు. మేత ధర దిగాలంటే మీటింగులు పెట్టాలి, వినతిపత్రాలివ్వాలి, ఫొటోలు దిగాలి. ఏ కాగితం మీదా లేనిది కూలిపని ఒక్కటే. కాబట్టి దాన్ని ఎవరూ తీసేయక్కర్లేదు, దానంతటదే పోతుంది.

ఎలా పోతుందంటే, వ్యాను రాదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి తీసేయాలంటే ఓ మెయిలు రాయాలి, మీ సేవలకు ధన్యవాదాలనాలి, ఒకటి రెండు నెలల జీతం చేతిలో పెట్టాలి. అదంతా ఖర్చు. మా వైపు తెల్లవారుజామున అయిదింటికి ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని రావిచెట్టు కింద నిలబడతారు. ఆరయినా వ్యాను రాకపోతే అదే నోటీసు. మధ్యాహ్నానికి పెట్టుకున్న అన్నం ఇంట్లో కూర్చుని తినొచ్చు. ఇంత మర్యాదగా, ఎవరి మనసూ నొప్పించకుండా, డీజిలు కూడా ఆదా చేస్తూ మనిషిని పనిలోంచి తీసే పద్ధతి ఇంకెక్కడైనా ఉందేమో చెప్పండి. మేస్త్రీకి ఫోను చేస్తే స్విచాఫ్.

ఇలాంటి సెలవులు మాకు కొత్త కాదు. 2011లో వరి గిట్టుబాటు కాదని కోనసీమ రైతులు సార్వాకి, అంటే ఖరీఫ్‌కి, క్రాప్ హాలిడే (పంట విరామం) ప్రకటించారు. వాళ్ల బాధ న్యాయమైనదే, నేను కాదనను. నాయకులు వచ్చారు, కమిటీ వచ్చింది, పేపర్లు రాశాయి. ఊడ్పులకి పోయే కూలీ కూడా ఆ సీజను సెలవులోనే ఉంది. ఆమె ప్రకటించలేదు, అంతే తేడా.

అన్నిటికన్నా పటిష్ఠమైన ఏర్పాటు నరసాపురం లేసుది. ఇక్కడ ఎంత మాంద్యం వచ్చినా ఒక్కరి ఉద్యోగమూ పోదు. ఎందుకంటే అది ఉద్యోగం కాదట, ఇల్లాలు తీరికవేళ అల్లుకునే సరదా అట. దారపు ఉండ ఏజెంటు తెస్తాడు, అల్లినది ఏజెంటే పట్టుకెళ్తాడు, అది ఓడెక్కి విదేశాలకి పోతుంది. విదేశాల్లో ఆర్డరు ఆగితే ఇక్కడ సరదా ఆగుతుంది. సరదా ఆగిన వాళ్లని నిరుద్యోగుల లెక్కలో వేయరు కదా.

మొన్న రావిచెట్టు దగ్గర ఒక పెద్దావిడకి కేన్స్ గారి సిద్ధాంతం వివరించాను. ఇరవై ఏళ్లుగా ఐసు నీళ్లలో నాని ఆవిడ వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. శ్రద్ధగా విని, "ఆ దొరగారు రోజుకూలీయా అండి, కిలో లెక్కా?" అంది.

జీతగాడేననుకుంటా అన్నాను.

"అదీ," అని క్యారేజీ తీసుకుని లేచింది. ఆరూపది అయింది.