పోపు పెట్టేముందు బ్యాటరీ పీకేయమన్న మహానుభావుడికి

ఈ ఫార్వర్డ్ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. ముందు మా డాలస్ కమ్యూనిటీ గ్రూపులో, తర్వాత మా ఆవిడ వంటల గ్రూపులో, ఆపైన మా తోడల్లుడి నుంచి, నిన్న గుంటూరు నుంచి మా పిన్ని. "స్మోక్ అలారం గురించి బిల్డర్లు చెప్పని 5 నిజాలు. అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ తప్పక షేర్ చేయండి." పిన్ని ఇంట్లో స్మోక్ అలారమే (పొగ తగిలితే అరిచే, సీలింగుకి బిగించే పెట్టె) లేదు. అయినా పంపింది.

ఒకటో నిజం: లైటు మెరుస్తోందంటే లోపల కెమెరా ఉన్నట్టు. అది పవర్ లైటు నాయనా.

రెండోది: లోపల రేడియేషన్, క్యాన్సర్ వస్తుంది. అలారాల్లో అయొనైజేషన్ అనే రకంలో రవ్వంత అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం ఉండే మాట నిజమే. దాన్నుంచి వచ్చే ఆల్ఫా కణాలు కాగితాన్ని కూడా దాటలేవు. విప్పి నాకకుండా ఉంటే చాలు. అంత భయమైతే ఫొటోఎలక్ట్రిక్ రకం (వెలుతురుతో పొగని పట్టేది) కొనుక్కోండి, అందులో అదీ ఉండదు. పైగా పోపు పొగకి కాస్త తక్కువ అరుస్తుంది.

మూడోది: బ్యాటరీ మార్చినా కీచుమంటుంటే అలారం నకిలీది. మా తోడల్లుడు ఇది నమ్మాడు. తెల్లవారుజామున మూడింటికి డైనింగ్ కుర్చీ ఎక్కి నాలుగు అలారాలకీ కొత్త బ్యాటరీలు వేశాడు. నిమిషానికోసారి కీచ్. పొద్దున నేను వెళ్లి ఒకటి విప్పి వెనక చూస్తే 2011 అని ఉంది. వాటి ఆయుష్షు పదేళ్లు. అది దాటితే, కొత్త బ్యాటరీ వేసినా, మమ్మల్ని మార్చండని చాలావరకు కీచుమంటూనే ఉంటాయి. ఇక బ్యాటరీ అయిపోయినప్పటి కీచు అర్ధరాత్రే ఎందుకు మొదలవుతుందంటే ఇల్లు చల్లబడి, నీరసించిన బ్యాటరీ వోల్టేజ్ ఇంకా పడిపోతుంది గనక. దయ్యం కాదు.

నాలుగోది: ఇంటి కరెంటుకి వైరింగ్ ఉంటే బ్యాటరీ దండగ. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఉన్నవాళ్లెవరూ ఈ మాట అనరు. కరెంటు లేక, చలికి ఫైర్‌ప్లేస్‌లూ కొవ్వొత్తులూ వెలిగించుకున్న రాత్రులవి. ఆ పూట అలారాన్ని నడిపేది దండగ బ్యాటరీయే.

ఇక ఐదోది. "వంటకి ముందు బ్యాటరీ తీసేయండి, అయ్యాక పెట్టేయండి, సింపుల్!" అయ్యాక ఎవరు పెడతారండీ? అన్నాలు తిని, గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్ది, మళ్లీ స్టూలెక్కే మనిషిని నాకు చూపించండి, దండేసి దణ్ణం పెడతాను. ఆ బ్యాటరీ పోపులపెట్టె పక్కనే నెలల తరబడి పడుంటుంది. ఈ దేశంలో ఇళ్లకి నిప్పంటుకునేది అన్నిటికంటే ఎక్కువగా వంట దగ్గరే. ఇళ్ల అగ్నిప్రమాదాల్లో పోయినవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ముగ్గురు అలారం లేని, లేదా ఉన్నా పనిచేయని ఇళ్లలోనే పోయారు. గారెలకి మూకుడులో నూనె పోసి, ఇండియా ఫోన్ వచ్చిందని బాల్కనీలోకి వెళ్లే మనం సరిగ్గా ఆ గంటలోనే బ్యాటరీ పీకాలట!

దాని మీద హష్ బటన్ ఒకటి ఏడిచింది. నొక్కితే పది నిమిషాలో, అటూ ఇటుగానో నోరు మూసుకుంటుంది. అందకపోతే చీపురు కర్ర ఉంది. అలారం స్టవ్‌కి పదడుగుల లోపలుంటే దూరం జరిపించండి. ఎండుమిర్చి వేయించే ముందు కిటికీ తీయండి. స్టవ్ పైన మైక్రోవేవ్‌కి ఉన్న ఫ్యాన్‌ని నమ్ముకోకండి, చాలా ఇళ్లలో అది పొగని బయటికి పంపదు, తిప్పి మన మొహానికే ఊదుతుంది.

ఆ ఐదో పాయింటులోనే అలారానికి షవర్ క్యాప్ తొడగమని కూడా ఉంది. దీని మీద గట్టిగా తిడదామనుకున్నాను గానీ, ఒప్పుకోవాలి, మా గృహప్రవేశానికి నేనూ తొడిగాను. పంతులుగారే హోమం మొదలుపెట్టే ముందు పైకి చూసి, "బాబూ, దానికి కవర్ కట్టారా? ఒకటి అరిస్తే ఇంట్లోవన్నీ అందుకుంటాయి" అన్నారు. ఆ పూటకి అది తప్పలేదు. గృహప్రవేశం శ్రావణంలో అయింది. క్యాప్ సంగతి నాకు గుర్తొచ్చింది సంక్రాంతికి.