ఏ ఇంక్‌జెట్ అయినా సరిపోదు
ఏ పాత ఇంక్‌జెట్ ప్రింటరైనా రాగి బోర్డు మీద నేరుగా సర్క్యూట్ ముద్రించడానికి పనికొస్తుందని వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. ఎప్సన్ ప్రింటర్లలోని పీజో హెడ్ (కరెంటు ఇస్తే వంగే పదార్థంతో సిరాను నెట్టే భాగం) సిరాను వేడి చేయదు, ఒత్తిడితో చిమ్ముతుంది. అందుకే వేరే రకం పిగ్మెంట్ సిరా (నీళ్లలో కరగని రంగు పొడి కలిపినది) నింపినా తట్టుకుంటుంది. సిరాను మరిగించి బుడగతో చిమ్మే ప్రింటర్లకు ఆ వెసులుబాటు తక్కువ. మామూలు డై సిరా నీళ్లలో కరిగేదే కదా, సిరా లేని చోట రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే గీతలు నిలవవు. కాగితం మందం 0.1 మిల్లీమీటరు, బోర్డుది 1.6. పైగా అది వంగదు, తిన్నగా పోవాలి. కాబట్టి హెడ్ ఉన్న భాగాన్ని పైకెత్తాలి, కాగితాన్ని పసిగట్టే సెన్సర్‌నూ జరపాలి. నా అనుభవంలో అన్నిటికన్నా ముఖ్యం రాగి శుభ్రత: సన్నని ఉప్పుకాగితంతో రుద్ది జిడ్డు తుడవకపోతే, వేలు తగిలిన చోటల్లా సిరా చుక్కలుగా ముడుచుకుంటుంది. ముద్రించాక బోర్డును వేడి చేసి సిరాను గట్టిపరచాలన్న మాట కూడా వ్యాసంలో చేర్చండి, కొత్తగా మొదలుపెట్టే పిల్లలు అక్కడే నిరాశపడి వదిలేస్తున్నారు.