పద్నాలుగు మిల్లీమీటర్ల మహిమ

అలిపిరి దగ్గర పొద్దున్నే నడకకొచ్చేవాళ్లకు ఒకాయన నేలవేము పొడి అమ్ముతాడు. డబ్బా మీద తాటికాయంత అక్షరాలు: ‘సైన్సు నిరూపించింది’. అనుమానమొస్తే లామినేషన్ చేయించిన పరిశోధన పత్రం జిరాక్సు చూపిస్తాడు. అందులో 14 మి.మీ. అన్నచోట ఎర్ర గీత.

ఆ 14 ఎలా పుట్టిందో తెలియని పాపాత్ములకు విన్నవిస్తాను. ఆకును నీడన ఆరబెట్టి, పొడికొట్టి, మెథనాల్ అనే ఆల్కహాల్‌లో నానేసి సారం తీస్తారు. గాజుపళ్లెంలో అగార్ అనే జెల్లీ మీద బ్యాక్టీరియా పూసి, 6 మి.మీ. గుంట చేసి, అందులో ఆ సారం పోసి, 37 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. మర్నాడు పరిశోధక విద్యార్థి ఊపిరి బిగబట్టి స్కేలు పెడతాడు. గుంట చుట్టూ క్రిములు పెరగని గుండ్రం ఎంత? గైడుగారు కళ్లజోడు సవరించుకుంటారు. పదమూడా? పద్నాలుగా? లైటు ఇటు తిప్పు బాబూ. పద్నాలుగే! అందులో 6 గుంటదేనని అడగడం మర్యాద కాదు. పక్క గుంటలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అంతకు రెట్టింపు గుండ్రం గీసుకుని కూర్చున్నా, పాపం, దాన్ని పలకరించే దిక్కుండదు. ఆ గుంటలో ఫినాయిల్ పోసినా గుండ్రం వస్తుంది. పరగడుపున రెండు చెంచాలు తాగమని మాత్రం ఎవరూ అనరు.

ఇక యాంటీఆక్సిడెంట్ మహిమ. డీపీపీహెచ్ అనే రసాయనం కలిపిన ఊదారంగు ద్రావణం పసుపుపచ్చగా మారితే సరి. నిమ్మకాయ పిండినా మారుతుంది, బస్టాండు టీ డికాషన్ పోసినా మారుతుంది. టీ మాస్టరుకు డాక్టరేట్ ఇంకా ఎందుకివ్వలేదో.

రాసినవాళ్లను తప్పుపట్టను. ‘మరిన్ని పరిశోధనలు అవసరం’ అని చివర్లో బుద్ధిగా రాసే ఉంటారు. జిరాక్సులో ఆ పేజీ లేదంతే.

మా పెద్దమ్మకు షుగరు. కాలి వేలికి పుండైతే డాక్టరు యాంటీబయాటిక్స్ రాశాడు. రెండ్రోజులు మింగి మానేసింది, ఈ పొడి కషాయం మొదలుపెట్టింది. మెథనాల్ సారం గాజుపళ్లెంలో చేసిన పనిని నీళ్ల కషాయం మనిషి కాలిలో చేస్తుందని ఎవడు చెప్పాడు? ఏ రోగి మీద చూశాడు? వేలు నల్లబడింది. తీసేశారు. డెబ్బై ఏళ్ల మనిషి గోడ పట్టుకుని బాత్రూముకి పోతోందిరా, సిగ్గులేదూ?

మొన్న ఆ పొడి అమ్మేవాడి దగ్గరకెళ్లి, “చివరి పేజీ ఏది అన్నా?” అనడిగాను.

“అది ఇంగ్లీషులో ఉండాది సామీ.”

“మొత్తం ఇంగ్లీషే కదా?”

“ఆకుకు సైడెఫెక్టులుండవు సామీ” అంటూ ఇంకో డబ్బా తీశాడు. మునగాకు. 16 మి.మీ.