హిప్నాసిస్ తగ్గించేది నొప్పినా, నొప్పి పెట్టే బాధనా?

1997లో కెనడాలోని మాంట్రియల్‌లో పియర్ రెయిన్‌విల్ అనే పరిశోధకుడి బృందం ఒక ప్రయోగం చేసింది. హిప్నాసిస్‌లో ఉన్నవాళ్ల చేతిని 47 డిగ్రీల వేడినీళ్లలో ముంచి, ఆ వేడి పెట్టే బాధ పెరుగుతోందని ఒకసారి, తగ్గుతోందని ఇంకోసారి సూచనలిచ్చారు. నీళ్ల వేడి మాత్రం మార్చలేదు. నొప్పి తీవ్రతకు వాళ్లు ఇచ్చిన అంకె పెద్దగా మారలేదు కానీ, అది ఎంత భరించలేకుండా ఉందన్నది మారింది. మెదడు స్కాన్‌లోనూ అదే తేడా కనిపించింది. బాధతో సంబంధమున్న యాంటీరియర్ సింగ్యులేట్ కార్టెక్స్ అనే మెదడు భాగం చురుకుదనం సూచనను బట్టి హెచ్చుతగ్గులైంది. స్పర్శను నమోదుచేసే సొమాటోసెన్సరీ కార్టెక్స్ దాదాపు అలాగే ఉండిపోయింది. 2001లో వచ్చిన మరో అధ్యయనంలో బాధకు బదులు తీవ్రతకే గురిపెట్టి సూచన ఇచ్చారు. ఈసారి సొమాటోసెన్సరీ కార్టెక్స్ చురుకుదనం మారింది.

అంటే పనిచేసేది ఒట్టి మగత కాదు, మాట. హిప్నాసిస్‌ను నిద్ర అనో వశీకరణం అనో అనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. అది రెండూ కాదు. మనిషి మెలకువగానే ఉంటాడు, వద్దనుకుంటే కళ్లు తెరిచి లేచిపోగలడు. నొప్పి తగ్గించడానికి ఒంట్లోనే తయారయ్యే ఎండార్ఫిన్ల వల్లే ఉపశమనం కలుగుతోందా అని పరీక్షించడానికి 1975లో నాలొక్సోన్ ఇచ్చి చూశారు. ఎండార్ఫిన్ల పనిని అడ్డుకునే మందు అది. అయినా ఉపశమనం పోలేదు.

అందరికీ ఒకేలా పనిచేయదన్నదీ నిజమే. 85 ప్రయోగాలను కలిపి చూసిన 2019 నాటి విశ్లేషణలో, సూచనలకు బాగా స్పందించేవాళ్లకు నొప్పి 42 శాతం, మధ్యస్థంగా స్పందించేవాళ్లకు 29 శాతం తగ్గింది. స్పందన తక్కువగా ఉన్నవాళ్లకు దక్కింది స్వల్పం. ఇవి ప్రయోగశాలలో కాసేపు కలిగించిన నొప్పుల లెక్కలు. ఏళ్లతరబడి వేధిస్తున్న నడుంనొప్పికి ఇవే అంకెలు చూపించి ఆశపెట్టడం తప్పు.

చికిత్సలో మొదటి పని అడగడం. సున్నా నుంచి పది దాకా రెండు అంకెలు విడివిడిగా తీసుకోవాలి: నొప్పి ఎంత ఉంది, దానితో బాధ ఎంత ఉంది. తర్వాత ఆ నొప్పికి రోగి వాడే మాట పట్టుకోవాలి. మంటా, పోటా, సలుపా, గుంజుడా? మంటకు చల్లదనం సూచిస్తారు, గుంజుడుకు వదులవడం సూచిస్తారు. చలికి ఎక్కువయ్యే కీళ్లనొప్పికి చల్లదనం సూచిస్తే బెడిసికొడుతుంది.

ఒకేచోట చూపు నిలిపి, ఊపిరి మీద మనసు పెట్టించడానికి ఐదు నుంచి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత ఎక్కువగా వాడేది చేతి తొడుగు పద్ధతి. చెయ్యి చల్లటి నీళ్లలో ఉన్నట్టు, వేళ్ల కొసల నుంచి మణికట్టు దాకా మొద్దుబారుతున్నట్టు ఊహించుకోమంటారు. మొద్దుబారిందో లేదో చెయ్యి వెనకవైపు మెల్లగా గిల్లి చూస్తారు. అప్పుడు ఆ చేతిని నొప్పి ఉన్నచోట ఆనించి, తిమ్మిరి అందులోకి దిగుతోందని చెబుతారు. ఎక్కువసార్లు పని చెడేది ఇక్కడే. చెయ్యి మొద్దుబారకముందే తొందరపడి తర్వాతి మెట్టుకు వెళ్లిపోతారు. ఇంకా నొప్పిగానే ఉన్న మనిషితో "నొప్పి పోయింది" అనేస్తారు. ఆ ఒక్క మాటతో నమ్మకం పోతుంది, ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు.

హిప్నాసిస్ బయట కూడా మాట పనిచేస్తూనే ఉంటుంది. సూది గుచ్చేముందు "కాస్త మండుతుంది" అని హెచ్చరిస్తే నొప్పి, ఆందోళన పెరుగుతాయని 2005లో ఒక అధ్యయనం చూపింది. ధైర్యం చెప్పాలనే అంటారు, ఫలితం మాత్రం తిరగబడుతుంది.

మత్తుమందుకు బదులుగా కాక, దానికి తోడుగా వాడినప్పుడే దీని విలువ తెలుస్తుంది. రొమ్ము శస్త్రచికిత్సకు వచ్చిన 200 మంది మహిళలపై 2007లో వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు 15 నిమిషాల హిప్నాసిస్ పొందినవాళ్లకు మత్తునిచ్చే ప్రొపొఫాల్, చోటును మొద్దుబార్చే లిడొకైన్ తక్కువ పట్టాయి. తర్వాత నొప్పీ, వికారమూ తగ్గాయి. పావుగంట ఖర్చుతో ఇంత దక్కుతుంటే ఆపరేషన్‌కు ముందు దీన్ని ఎందుకు వాడరన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

కారణం తేలని నొప్పి మీద మాత్రం దీన్ని వాడకూడదు. అపెండిక్స్ వాచినవాళ్లకు బాధ తగ్గితే ఆస్పత్రికి ఆలస్యంగా వెళతారు. అందుకే కారణం తెలిసిన నొప్పికి కూడా "కొత్తగా ఏదైనా నొప్పి మొదలైతే మీకు వెంటనే తెలుస్తుంది" అన్న మాట సూచనలో చేర్చాలి. ఇంట్లో వినమని ఇచ్చే రికార్డింగుల్లోనూ అది ఉండాలి.