కళాయి లేని గొట్టాలు

బరంపురం పాత వీధుల్లో పెరిగినవాళ్లకు కళాయి పూసే ముసలాయన గుర్తుండే ఉంటాడు. ఇత్తడి గుండిగలో దిగి, ఇసుక వేసి, నడుం తిప్పుతూ కాళ్లతోనే తోమేవాడు. తర్వాత బొగ్గుల మీద కాల్చి నవసాగరం చల్లేవాడు. గుప్పున తెల్లటి పొగ. చిటికెడు తగరం వేసి దూదితో తిప్పితే లోపలంతా అద్దమే. కళాయి పోయిన గిన్నెలో చారు కాస్తే చిలుమెక్కుతుందని మా అమ్మమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. చమురు గొట్టాలు కొనేవాళ్లకు మాత్రం ఇంకా చెప్పాల్సి వస్తోంది.

కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న చమురు మొదలైన సంగతి తెలిసిందే. ఆ చమురులో మైనం ఎక్కువ. గొట్టం గోడ చల్లబడితే పేరుకుపోతుంది. అందుకే గొట్టంలో గొట్టం పెట్టి వేడి పోకుండా చూశారు. బాగుంది. ఇచ్ఛాపురం నుంచి వెళ్లి వేరేచోట ఆఫ్‌షోర్‌లో ఫిట్టర్‌గా చేస్తున్న మా బంధువుల కుర్రాడు పిగ్గింగ్ గురించి, అంటే గొట్టంలోకి పిగ్ అనే గోకుడు పరికరాన్ని పంపి శుభ్రం చేయడం గురించి చెప్పాడు. "గొట్టాన్ని గోకుతూ వచ్చిన పిగ్ ముందు నల్లటి ముద్ద వస్తుంది మావయ్యా, పాకం ముదిరిన బెల్లంలా." ఆ ముద్దకు పట్టు ఇచ్చేది గరుకు గోడ. గోడ సంగతే మనం మాట్లాడం.

మాట్లాడదగ్గ మందు ఒకటుంది, ఎలక్ట్రోలెస్ నికెల్. 1940ల్లో అమెరికాలో బ్రెన్నర్, రిడెల్ దీన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. కరెంటు అక్కర్లేదు. ద్రావణంలో ముంచితే నికెల్, ఫాస్ఫరస్ కలిసి ఉక్కు మీద పరుచుకుంటాయి. కరెంటుతో పూస్తే అంచుల్లో దళసరి, మూలల్లో పలచన. ఇందులో వాల్వు లోపలి మలుపులో కూడా ఒకే మందం, సాధారణంగా 25 నుంచి 75 మైక్రాన్లు. తల వెంట్రుకంత! ఫాస్ఫరస్ 10 శాతం దాటితే పూతలో స్ఫటికాల అతుకులే ఉండవు కాబట్టి ఉప్పునీటికి సులువుగా దారి దొరకదు. టెఫ్లాన్ రేణువులు కూడా కలిపితే జిడ్డుకూ, పెచ్చుకూ పట్టు అంతగా చిక్కదు.

మరి మనమేం చేస్తున్నాం? బావి నీళ్లలోని లవణాలు గొట్టం లోపల సున్నపు పెచ్చు కట్టాక హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తున్నాం. ఎన్ని నిరోధకాలు కలిపినా అది పెచ్చుతో పాటు ఉక్కునూ కాస్త కొరుకుతుంది. కొరికిన చోట మరుసటి పెచ్చు ఇంకా తొందరగా అంటుకుంటుంది. మళ్లీ యాసిడ్. బేరియం సల్ఫేట్ పెచ్చయితే ఆ యాసిడ్‌కీ లొంగదు, చాలాసార్లు బావి ఆపి యంత్రంతో చెక్కాల్సిందే. ఆ రోజుల్లో రాని చమురును ఎవరి పద్దులో రాస్తున్నారు?

పూత గీసుకుపోతుందనీ, సూది బెజ్జమంత లోపమున్నా కింది ఉక్కు మరింత వేగంగా పోతుందనీ ఇంజనీర్లు అంటారు. నిజమే. జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది, నికెల్‌కు ఆ గుణం లేదు. మైనాన్ని పూర్తిగా ఆపే పూత కూడా లేదు. అయితే ఇవన్నీ తనిఖీ గట్టిగా చేయాలనడానికి కారణాలు, పూత మానేయడానికి కాదు. ముసలాయన గుండిగలో దిగి అంతసేపు ఎందుకు తోమాడు మరి?

నికెల్ ఖరీదు అంటారా, దేశంలోని నికెల్ ఖనిజంలో తొంభై శాతానికి పైగా మన ఒడిశాలోనే ఉంది. సుకిందా లోయలో క్రోమైట్ తవ్వి పక్కన పోసిన మట్టిలో అది పడి ఉంటే, మనం బయటి నుంచి కొంటున్నాం. ఆ ఏడుపు ఇంకోసారి.

అసలు రోగం పేరు ఎల్-1. టెండర్‌లో అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికే పని. పూత ఖర్చు కొన్నరోజే కనిపిస్తుంది, గోకుడు ఖర్చు ఏళ్ల తరబడి వేరే పద్దులో, వేరే ఆఫీసర్ సంతకంతో పోతుంది. చమురు బావిదాకా ఎందుకు, గోపాల్‌పూర్ ఉప్పుగాలి తగిలే మా వీధి నీళ్ల ట్యాంకు మెట్ల రెయిలింగ్ చూడండి. నిరుడు తుప్పు మీదే రంగు వేస్తుంటే పెయింటర్‌ని ఆపి అడిగాను.

"గోకడానికి బిల్లులో డబ్బులు నేవు బాబూ, రంగుకే ఉన్నాయి" అని బ్రష్ లాగేశాడు.

వానలు వెళ్లేసరికి పెచ్చులు లేచాయి. ఈ ఏడాది మళ్లీ టెండర్ పిలిచారు.